నీలం గేటు ముందు కూర్చునే కుక్కలు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. మాది కార్వేటినగరం దగ్గర పల్లె. మా నాయన ముప్పై ఏళ్లు మామిడితోపులకు కావలి ఉన్నాడు. కాయ దిగే నెలల్లో తోపులోనే పడక. ఎవరైనా గాలి అనో దయ్యం అనో మాట ఎత్తితే, తనకు చెట్ల కింద కనిపించిందంతా కాయల దొంగలేనని నవ్వేసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని నేను. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. ఈ సంగతి ఇంకొకరికి జరిగి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

జరిగింది తిరుపతిలో, ఎండ వచ్చిన తర్వాత.

నా భర్త మురళికి అక్కడ ఒక లాడ్జిలో మేనేజరు పని దొరకడంతో ఊరు వదిలి వచ్చాం. యూనివర్సిటీ వైపు ఒక కాలనీలో బాడుగ ఇల్లు. కాలనీ పేరు రాయను, ఆ ఇళ్లవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఊళ్లో ఉన్నప్పుడు పొద్దున లేస్తే పాలు, పేడ, పొయ్యి అని పని తెమిలేది కాదు. ఇక్కడ ఎనిమిదింటికి మురళి డ్యూటీకి పోతే సాయంత్రం దాకా గోడలు చూస్తూ కూర్చోవడమే. అది పడక, తెల్లవారగానే నడకకు పోవడం మొదలుపెట్టాను.

కాలనీలో డాక్టర్లు, లెక్చరర్లు, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే పిల్లలు. ఇంటికో కుక్క. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని, కుక్క ఎటు లాగితే అటు పోతుండేవాళ్లు. ఒకరోజు మా వీధి డాక్టరమ్మను ఆమె లాబ్రడార్ బ్రూనో లాగి పడేసింది. నేను పరుగున పోయి తాడు అందుకున్నాను. మా తోపులో ఎప్పుడూ రెండు మూడు కుక్కలుండేవి, వాటితోనే పెరిగాను. తాడు కురచగా పట్టుకుని, దాని మొహం చూడకుండా నా దారిన నేను నడిచాను. నాలుగిళ్లు దాటేసరికి బ్రూనో నా మోకాలి పక్కన బుద్ధిగా నడుస్తోంది.

డాక్టరమ్మ మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ అంది, "రేపు కూడా వస్తావామ్మా? ఊరికే వద్దు, నెలకింత అని ఇచ్చేస్తాను."

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చి, మురళికి టిఫిన్ పెట్టడం కూడా మరిచిపోయి చెప్పాను.

"కుక్కల్ని తిప్పేదానికి జీతమా?" అన్నాడు. "ఊళ్లో వింటే నగతారు మే."

"నగనీలే. ఈ ఒక్క వీధిలోనే తొమ్మిది కుక్కలుండాయి. లెక్కపెట్టుకోని వచ్చినా."

"అప్పుడే లెక్క కూడా పెట్టేసినావా," అని అతనే లేచి ఇడ్లీ పెట్టుకున్నాడు.

ఆ వారమంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. జీవితంలో మొదటిసారి స్పోర్ట్స్ షూ కొనుక్కున్నాను. విజిటింగ్ కార్డులు వేయించాను. ప్రింటింగ్ షాపు ఆయనకు డాగ్ వాకింగ్ అనే పని ఒకటి ఉంటుందని తెలియదు, డాగ్ వాషింగ్ అని అచ్చు వేసి పెట్టాడు. తప్పు దిద్దేలోపే ఇద్దరు ఫోన్ చేసి కుక్కకు స్నానం చేయించాలన్నారు. పోయి చేయించాను. అందులో ఒకామె తన పొమరేనియన్ స్నోయిని నడకకు కూడా ఇచ్చింది. తర్వాత ప్రణతి అని, ఇంట్లోంచి పని చేసుకునే చిత్తూరు అమ్మాయి తన బీగిల్ కోకోను అప్పగించింది. చెవులు వేలాడేసుకుని, ముక్కు నేలకు ఆనించి, ఒక్క చోట నిలవని కుక్క అది. మూడు కుక్కలు. నాకు మూడు జిల్లాలు చేతికి వచ్చినట్టుంది.

రెండో వారంలో మొదలైంది.

మా దారిలో మూడో వీధిలో ఒక పాత ఇల్లు ఉంది. నీలం రంగు ఇనుప గేటు, లోపల చిన్న ఆవరణ, ఎత్తు మీద వరండా, దానికి రెండు స్తంభాలు. ఎప్పుడూ తాళం వేసే ఉండేది. ఒక పొద్దున బ్రూనో ఆ గేటు ముందు ఆగి కూర్చుంది. తాడు లాగినా లేవలేదు. వరండా వైపు చూస్తూ, చెవులు వెనక్కి వాల్చి, తోకతో నేల మెల్లగా ఊడ్చింది. ఒక నిమిషం గడిచాక దానంతటదే లేచి నడిచింది. అలసిపోయిందనుకున్నాను.

మరునాడు స్నోయి అదే చోట కూర్చుంది. దాన్ని బ్రూనోతో కలిపి తీసుకుపోయింది లేదు, దాని వేళ వేరు. ఆ సాయంత్రం కోకో కూడా కూర్చుంది. గిన్నెలో అన్నం పెట్టినా కుదురుగా నిలవని కోకో, ఆ గేటు ముందు పాఠం వినే పిల్లలా కూర్చుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అది నా గొప్ప అనుకున్నాను. నా చేతిలో కుక్కలు అంత బాగా నేర్చుకుంటున్నాయని పొంగిపోయాను. ఒక ఆదివారం మూడింటినీ కలిపి తీసుకుపోయి, గేటు ముందు వరసగా కూర్చున్నప్పుడు వీడియో తీసి, 'రెండు వారాల ట్రైనింగ్' అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. డాక్టరమ్మ దాన్ని ఆస్పత్రి గ్రూపులో వేసింది. ఇక ఫోన్లే ఫోన్లు. నెల తిరిగేసరికి నా దగ్గర పదకొండు కుక్కలు. పొద్దున అయిదున్నరకు మొదలుపెడితే తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం. రాత్రి పడుకుంటే పిక్కలు లాగేవి, అయినా ఎప్పుడు తెల్లవారుతుందా అని ఉండేది. మా నాయనకు ఫోన్ చేసి చెబితే, "పదకొండా? మన తోపులో కూడా యానాడూ అన్ని లేవు గదా పాపా," అని ఆశ్చర్యపోయాడు.

పదకొండూ ఆ గేటు ముందు కూర్చునేవి. కొత్తగా వచ్చిన కుక్క మొదటి రోజే కూర్చునేది. నేను ఏమీ నేర్పకముందే. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

నాకు తోచినట్టు పరీక్షలు చేశాను. రోడ్డుకు అటు పక్క నుంచి నడిపించాను, తాడు లాక్కుని ఇటు వచ్చి కూర్చున్నాయి. పక్క ఇళ్ల గేట్ల ముందు కూర్చోమన్నాను, ఒక్కటీ కూర్చోలేదు. ఒక సెలవురోజు ఏమీ చెప్పకుండా బ్రూనోను మురళి చేతికిచ్చి పంపాను. తిరిగొచ్చి చెప్పాడు, "ఒకింటి కాడ కూర్చునేసినాడు మే వీడు. లేపేదానికి నా చెయ్యి నొప్పి పుట్టింది." ఏ ఇల్లు అని అడిగితే నీలం గేటు అన్నాడు. నేల తడిమి చూశాను. ఎలుక కలుగో, మాంసం వాసనో ఏమీ లేదు. మామూలు సిమెంటు రోడ్డు.

ఆ ఇంటికి ఎదురుగా రాజేశ్వరమ్మ అంగడి ఉంది. ఇంటి ముందు గదిలోనే సరుకులు పెట్టుకుని అమ్ముతుంది. పొద్దున పాల ప్యాకెట్ల కోసం అయిదింటికే తలుపు తీస్తుంది. ఆమెను అడిగాను.

"ఆ ఇంట్లో ముందు కుక్కలు సాకినారా అక్కా?"

ఆమె చేతిలో పప్పు కొలత అట్లాగే పట్టుకుని నవ్వింది. "శకుంతలమ్మా? కుక్కలు సాకేదా? ఆయమ్మకి కుక్కంటే పానం పోతా ఉణ్ణింది పాపా. చిన్నప్పుడు వడమాలపేటలో పిచ్చికుక్క కరిసింటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు ఏసినారంట. వీధి కొసన కుక్క కనపడితే సాలు, లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంటా ఉణ్ణింది. పాలకని నా అంగడికి వచ్చేదానికి కూడా, కుక్క లేదక్కా రా అని నేను కేకేయాల."

శకుంతలమ్మ హిందీ టీచరుగా పనిచేసి రిటైరైందట. చనిపోయి నాలుగేళ్లు. ఒక్కడే కొడుకు, చెన్నైలో ఉంటాడు. ఏడాదికోసారి వచ్చి ఇల్లు చూసుకుని పోతాడు. తాళం చెవి రాజేశ్వరమ్మ దగ్గరే ఉంటుంది. ఇంత తెలిసినా నాకు ఏమీ తేలలేదు. కుక్కల్ని ప్రేమించిన మనిషి ఇల్లయితే పాత వాసనలేవో ఉన్నాయని సరిపెట్టుకునేదాన్ని. ఇది దానికి తలకిందులుగా ఉంది. సరే, కారణం ఏదైతే ఏం, పని బాగా సాగుతోంది కదా అని వదిలేశాను.

ఆ తర్వాత పది రోజులకు కోకో తప్పిపోయింది.

ఆ పొద్దున బ్రూనోనూ కోకోనూ కలిపి తీసుకుపోయాను. పెద్ద రోడ్డు మలుపులో కొత్త అంగడి ఏదో తెరుస్తున్నారు. మేము దాని ముందుకు వచ్చేసరికి ఎవరో పటాకుల సరం అంటించారు. మొదటి మోతకే కోకో ఎగిరింది. తాడు నా అరచేతిని కోసుకుంటూ జారిపోయింది. నేను బ్రూనోను నిలబెట్టుకునేలోపే అది పొగలో కలిసిపోయింది. ఆరూ ఇరవై అయింది, ఫోన్లో చూశాను.

వీధులన్నీ పరుగెత్తాను. ఆటోవాళ్లను అడిగాను, పూలమ్మే ఆమెను అడిగాను, బస్సు దిగి వస్తున్న యాత్రికులను కూడా అడిగాను. ఎవరూ చూడలేదు. ఇరవై నిమిషాలు ప్రణతికి ఫోన్ చేయకుండా దాచాను. దొరికితే చెప్పకుండానే గడిచిపోతుందని ఆశ. ఆ ఇరవై నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చివరికి చేశాను. ప్రణతి రెండు కాళ్లకూ రెండు రకాల చెప్పులేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"దానికి రోడ్డు దాటేది కూడా తెలీదక్కా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తను బండి తెచ్చుకుని యూనివర్సిటీ వైపు పోయింది, నేను బ్రూనోతో మళ్లీ కాలనీలోకి వచ్చాను. ఎనిమిది దాటింది. ఎండ చుర్రుమంటోంది. మూడో వీధిలోకి తిరగగానే బ్రూనో నన్ను ఈడ్చుకుపోయి నీలం గేటు ముందు కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు కూడానా అని తాడు గుంజి, దానితో పాటు వరండా వైపు చూశాను.

వరండా మీద కోకో కూర్చుని ఉంది.

పిలిస్తే తోక ఆడించింది గాని రాలేదు. రాలేదెందుకంటే, కట్టేసి ఉంది. నా కేక విని రాజేశ్వరమ్మ రోడ్డు దాటి వచ్చింది. గేటు లోపలికి తొంగి చూసి, పోయి తాళం చెవి తెచ్చింది. తాళం తుప్పు పట్టి తిరగలేదు. కొబ్బరినూనె పోసి, ఇద్దరం అటూ ఇటూ ఆడించి, చివరికి తీసేసరికి పది నిమిషాలు పట్టింది.

లోపల నేను చూసింది చూసినట్టు రాస్తాను.

గేటు కింద సందు నాలుగు వేళ్లంత. కోకో దూరదు. చుట్టూ గోడ నా తల కంటే ఎత్తు, పైన గాజుపెంకులు. కోకో తాడు వరండా స్తంభానికి రెండు ముళ్లు వేసి కట్టి ఉంది. చివరి కొస దగ్గర కట్టారు, కుక్కకు తాడంతా వదిలారు. వరండా మీద వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము. ఆ దుమ్ములో కోకో అడుగులు స్తంభం చుట్టూ మాత్రమే ఉన్నాయి. మెట్ల మీద లేవు. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

కోకో ముందు సత్తుగిన్నె, దానిలో సగం దాకా నీళ్లు. గిన్నె దగ్గర నుంచి ఇంటి తలుపు దాకా దుమ్ములో ఒక చార, గిన్నెను నేల మీద తోసినట్టు. ఆ చార పక్కన వెదురు బూజుకర్ర పడి ఉంది. దాని కొస తడిగా ఉంది.

దగ్గరికి రావడానికి భయపడే మనిషి, దూరం నుంచే కర్రతో గిన్నె తోసినట్టుంది. నాకు ఆ ఆలోచన వచ్చేసరికి రాజేశ్వరమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"ఈ ఇంటికి కొళాయి తీసేసి మూడేండ్లయింది," అంది మెల్లగా. "ట్యాంకీలో సుక్క నీళ్లు లేవు. తెల్లారినప్పటి నుంచి నేను ఎదురుగా అంగట్లోనే కూర్చోనుండా. వరండా ఆడికి కనపడదు గానీ, ఈ గేటు కాడికి ఎవురూ రాలా."

తలుపుకు బయట వేసిన తాళం వేసినట్టే ఉంది. మేము అది తీయలేదు. ఇద్దరికీ ధైర్యం చాలలేదు. నేను ముడి విప్పాను, కోకోను ఎత్తుకున్నాను. దాని ఒంటి మీద ఒక్క గీత లేదు. కట్టేస్తే వీధి మారుమోగేలా అరిచే కుక్క, ఆ రెండు గంటలూ ఒక్క కూత కూయలేదు. కూసి ఉంటే రాజేశ్వరమ్మకు వినిపించేది.

నాకు వింతగా అనిపించేది ఇంకొకటి. ఆ క్షణంలో భయం కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. ఎవరు కట్టారో తెలియకపోయినా, గేటు దాటుతూ వెనక్కి తిరిగి వరండాకు దండం పెట్టాను. కోకో రోడ్డు మీద లేదు, లారీ కింద లేదు. దాన్ని ఎవరో ఆపారు, నీళ్లు పెట్టారు.

ప్రణతికి అంతా చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. కోకోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది, వారం రోజులు నా దగ్గరికి పంపలేదు. ఎనిమిదో రోజు తనే తీసుకొచ్చింది. "నీకోసం తలుపు కాడ కూర్చుంటా ఉండాదక్కా," అంది. ఆ రోజే నేను స్టేటస్‌లో అందరికీ రాశాను, ఆ వీడియోలో ఉన్నది నా ట్రైనింగ్ కాదని, కుక్కలు అక్కడ ఎందుకు కూర్చుంటాయో నాకు తెలియదని, కోకో నా చేతిలోంచి తప్పిపోయిందని. రెండిళ్లవాళ్లు మానేశారు. మిగతావాళ్లు ఉన్నారు. డాక్టరమ్మ మాత్రం, "ట్రైనింగ్ కాదని నాకు ముందే తెలుసులేమ్మా, మా ఇంట్లో అది కూర్చోమంటే పడుకుంటుంది," అని నవ్వింది.

ఆ పొద్దున తర్వాత ఏ కుక్కా ఆ గేటు ముందు కూర్చోలేదు. మామూలు ఇళ్లను దాటినట్టే దాటిపోతున్నాయి. ఎందుకు కూర్చునేవో తెలియదు, ఎందుకు మానేశాయో అంతకంటే తెలియదు.

మూడు నెలలకు శకుంతలమ్మ కొడుకు చెన్నై నుంచి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, నెమ్మది మనిషి. రాజేశ్వరమ్మ ఆయనకు ముందే అంతా చెప్పేసింది. నేను బ్రూనోతో పోతుంటే పిలిచాడు. నవ్వుతాడనుకున్నాను, లేదా ఇంటి పేరు చెడగొడుతున్నావని కోప్పడతాడనుకున్నాను. ఆయన గిన్నె చూపించి, అది వాళ్ల వంటింటిదేనని, వంటింట్లో అటక మీద ఉండాల్సిందని చెప్పాడు. తలుపు తీసి చూస్తే అటక మీద మిగతా గిన్నెలన్నీ దుమ్ముతో అట్లాగే ఉన్నాయట.

"ఎవరైనా దొంగ తాళం చెవితో వచ్చినారేమో సార్," అన్నాను. నాకే నమ్మకం లేని మాట.

"అడుగులన్నా ఉండాల గదమ్మా," అన్నాడాయన.

తర్వాత వీడియో చూపించమన్నాడు. నా ఫోన్ తీసుకుని మూడుసార్లు చూశాడు. అందులో కుక్కలు, గేటు తప్ప ఇంకేమీ లేదు. నేను వందసార్లు చూశాను.

ఫోన్ తిరిగి ఇచ్చి, బ్రూనో వైపు చూస్తూ అడిగాడు, "కరుస్తాదా?"

"లేదు సార్."

"చిన్నప్పుడు ఒక కుక్కపిల్లని తెచ్చినాను. అమ్మ పెట్టిన కేకలకి మళ్లీ పొద్దుటికే ఇచ్చేసి వచ్చినాను. ఒకసారి లోపలికి తీసుకోని రామ్మా దాన్ని."

తీసుకుపోయాను. ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నాడు. బ్రూనో పోయి ఆయన మోకాలి మీద తల పెట్టింది. ఆయన ముందు రెండు వేళ్లతో ముట్టుకున్నాడు, తర్వాత చెయ్యంతా ఆనించి దాని నెత్తి నిమురుతూ కూర్చుండిపోయాడు. మా వెనక ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది. నేను దాని వైపు చూడలేదు. భయం వల్ల కాదు. అక్కడ ఎవరైనా ఉంటే, నేను చూడకపోవడమే మర్యాద అనిపించింది.

ఇప్పుడు నా దగ్గర పంతొమ్మిది కుక్కలు, సాయానికి ఇద్దరు ఆడవాళ్లు. దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే అంటాను. మరి ఆ పొద్దున కోకోను స్తంభానికి కట్టిందెవరని అడిగితే, ఆ గిన్నె సంగతి చెప్పి నా కుక్కల తాళ్లు అందుకుంటాను.